ఖాళీ సర్వర్లకు నెట్‌వర్క్ మీదే ఓఎస్: మాస్, ఫోర్‌మన్, కాబ్లర్, ఫాగ్‌లలో మన సీమ ల్యాబులకు ఏది పనికొస్తుంది?

జేఎన్‌టీయూ అనంతపురం కింద ఉన్న కాలేజీలు తీసుకోండి, కర్నూలు, కడపల్లో చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులు తీసుకోండి. చాలా చోట్ల సర్వర్ గది ఒకే తీరుగా ఉంటుంది. ర్యాకులో నాలుగైదు సెకండ్ హ్యాండ్ సర్వర్లు, పక్క ల్యాబుల్లో అరవై అరవై డెస్క్‌టాప్‌లు, అన్నిటికీ కలిపి ఒకరో ఇద్దరో అడ్మిన్‌లు. సెమిస్టర్ మారినా, ఆన్‌లైన్ పరీక్ష పడినా పెన్‌డ్రైవ్ పట్టుకుని ఒక్కో సిస్టమ్ దగ్గర కూర్చుని ఫార్మాట్ కొట్టాల్సిందే. మిషన్ ఆన్ చేయగానే నెట్‌వర్క్ నుంచి ఓఎస్ దించుకుని తనంతట తానే సెటప్ అయ్యేలా చేసే ఓపెన్ సోర్స్ టూల్స్ ఉన్నాయి. వాటిని ఇక్కడి పరిస్థితులకు పెట్టి చూసిన రివ్యూ ఇది. ఇక్కడి పరిస్థితులంటే ఇంటర్నెట్ స్పీడ్ అంతంత మాత్రం, కరెంటు చెప్పి పోదు, స్విచ్‌లు పాతవి, కొన్న సర్వర్లలో పాత ఓనర్ల పాస్‌వర్డ్‌లు అలాగే ఉంటాయి.

తీర్పు ముందే చెప్పేస్తాం. డెస్క్‌టాప్ ల్యాబ్ అయితే ఫాగ్. దూరం నుంచి ఆన్, ఆఫ్ చేయగలిగే సర్వర్లు ఐదారు దాటితే మాస్. రాకీ, ఆల్మా లాంటి రెడ్‌హ్యాట్ కుటుంబపు లినక్స్‌ల మీదే పని నడిచే చోట, కిక్‌స్టార్ట్ ఫైల్ (ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలకు ముందే రాసిపెట్టే జవాబులు) రాయడం చేతనైన మనిషి ఉంటే కాబ్లర్. ఫోర్‌మన్ మంచి టూలే, కాకపోతే దాన్ని చూసుకోవడానికే ఒక మనిషి కావాలి. ఐదు లోపు మిషన్లయితే ఇవేవీ వద్దు. ఐపీ అడ్రస్‌లు, బూట్ ఫైళ్లు పంచే డీఎన్ఎస్‌మాస్క్, నెట్‌వర్క్ నుంచి ఓఎస్‌ను లేపే ఐపీఎక్స్ఈ అనే చిన్న ప్రోగ్రాములు రెండూ చాలు.

ఏ టూల్ పెట్టినా మొదటి అర నిమిషం ఒకటే, ఎక్కువ గొడవలు జరిగేదీ అక్కడే. నెట్‌వర్క్ కార్డు పీఎక్స్ఈ (నెట్‌వర్క్ నుంచి బూట్ అయ్యే) పద్ధతిలో, ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీని అడుగుతుంది. 1999లో ఇంటెల్ ఇచ్చిన 2.1 స్పెసిఫికేషనే ఈ పద్ధతికి ఆధారం. ఐపీ అడ్రస్‌తో పాటు ఆప్షన్ 66లో బూట్ సర్వర్, ఆప్షన్ 67లో బూట్ ఫైల్ పేరు వస్తాయి. ఆ ఫైల్‌ను టీఎఫ్‌టీపీ అనే సాదా ఫైల్ బదిలీ పద్ధతి ద్వారా, యూడీపీ 69 పోర్ట్ మీద దించుకుంటుంది. తాను ఏ రకం మిషనో ఆప్షన్ 93లో చెబుతుంది: 0 అంటే పాత బయోస్, 7 అంటే 64 బిట్ యూఈఎఫ్ఐ (బయోస్‌కు బదులు కొత్త మిషన్లలో వచ్చేది). ఈ నంబర్ చూడకుండా అందరికీ ఒకే ఫైల్ ఇచ్చే డీహెచ్‌సీపీ ఉంటే పాత సిస్టమ్‌లు ఎక్కుతాయి, కొత్తవి ఎక్కవు, లేదా అటుదిటు అవుతుంది. కాలేజీ ఫైర్‌వాల్‌లోనే డీహెచ్‌సీపీ నడుపుతున్న చోట ఇది తరచూ కనిపిస్తుంది. ఆ బాక్సులో బూట్ ఫైల్‌కు ఒకే గడి ఉంటుంది మరి. దాన్ని కదపకుండా పక్కన ఒక చిన్న మిషన్‌లో డీఎన్ఎస్‌మాస్క్‌ను ప్రాక్సీ డీహెచ్‌సీపీగా పెడితే, ఐపీలు ఫైర్‌వాల్ ఇస్తుంది, బూట్ ఫైల్ సంగతి డీఎన్ఎస్‌మాస్క్ చూసుకుంటుంది. ఆ మిషన్‌లో యూడీపీ 4011 పోర్ట్ తెరిచి ఉండాలి, అది మరచిపోకండి.

స్క్రీన్ మీద వచ్చే కోడ్ చదివితే తప్పు ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. పీఎక్స్ఈ-ఈ61 అంటే కేబుల్ లింక్ లేదు. ఈ51 అంటే డీహెచ్‌సీపీ నుంచి జవాబే రాలేదు. యూఈఎఫ్ఐ మిషన్లలో ఇదే ఈ16గా కనిపిస్తుంది. ఈ53 అంటే ఐపీ వచ్చింది, బూట్ ఫైల్ పేరు రాలేదు. ఈ32 అంటే పేరు వచ్చింది, టీఎఫ్‌టీపీ తెరుచుకోలేదు. ఈ చివరిది వస్తే సర్వర్ ఫైర్‌వాల్ చూడండి, టూల్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిన పని లేదు.

ఈ51 వచ్చి, కేబుల్, సర్వర్ రెండూ సరిగ్గానే ఉంటే అనుమానం స్విచ్ మీదికి పోవాలి. పాత స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో లూప్ పడకుండా చూసే ఏర్పాటు) ఆన్‌లో ఉన్న పోర్ట్‌కు లింక్ రాగానే 15 సెకన్లు వింటుంది, మరో 15 సెకన్లు నేర్చుకుంటుంది, ఆ తర్వాతే ప్యాకెట్లు వదులుతుంది. పీఎక్స్ఈ మాత్రం 4, 8, 16, 32 సెకన్ల విరామాలతో అడుగుతుంది కాబట్టి ఎలాగో గట్టెక్కుతుంది. తర్వాత ఐపీఎక్స్ఈ లోడ్ అయినప్పుడు లింక్ ఒకసారి పడి లేస్తుంది, మళ్లీ 30 సెకన్లు మొదలు, దానికి అంత ఓపిక ఉండదు. మొదటి దశ దాటి రెండో దశలో ఆగిపోయే సిస్టమ్‌లకు చాలావరకు కారణం ఇదే. సిస్టమ్‌లు తగిలించే పోర్ట్‌లన్నిటికీ ఈ ఎదురుచూపు లేకుండా చేసే పోర్ట్‌ఫాస్ట్ పెట్టాలి. కొన్ని స్విచ్‌లలో దాన్ని ఎడ్జ్ పోర్ట్ అంటారు. రెండు కేబుళ్లను ఒకే లైన్‌గా కలిపే ఎల్ఏసీపీ కట్టిన సర్వర్లదీ ఇలాంటి బాధే. ఓఎస్ లేని మిషన్ ఎల్ఏసీపీ మాట్లాడలేదు, స్విచ్ పోర్ట్‌ను ఆపేస్తుంది. స్విచ్‌లో ఎల్ఏసీపీ ఫాల్‌బ్యాక్ లాంటి సదుపాయం ఉంటే ఆన్ చేయండి, లేకపోతే ఓఎస్ ఎక్కాకే బాండ్ కట్టండి.

ఇక మాస్. ఉబుంటు వాళ్ల కంపెనీ కెనానికల్ 2012 నుంచి నడుపుతున్న టూల్ ఇది. రీజియన్ కంట్రోలర్, ర్యాక్ కంట్రోలర్ అని రెండు భాగాలు, వెనకాల పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. చిన్న చోట అన్నీ ఒకే మిషన్‌లో పెట్టుకోవచ్చు; 8 జీబీ ర్యామ్ ఇస్తే నెమ్మదిగా అనిపించదు. వెబ్ పేజీ 5240 పోర్ట్ మీద తెరుచుకుంటుంది. కొత్త సర్వర్‌ను నెట్‌వర్క్ నుంచి బూట్ చేస్తే మాస్ దాన్ని తనే గుర్తించి జాబితాలో చేర్చుకుంటుంది. తర్వాత కమిషనింగ్ అనే దశలో సీపీయూ, ర్యామ్, డిస్కులు, నెట్‌వర్క్ కార్డులు అన్నీ లెక్కపెడుతుంది, డిస్కుల ఆరోగ్యం పరీక్షిస్తుంది. సెకండ్ హ్యాండ్ సర్వర్లు కొనే మనలాంటి వాళ్లకు ఈ ఒక్క దశే బంగారం. అమ్మినవాడు 64 జీబీ అన్న చోట 48 కనిపిస్తే, డిస్కులో చెడ్డ సెక్టార్లు బయటపడితే, వారంటీ గడువులోపే నిలదీయొచ్చు.

దీనికి మించిన మేలు ఇంకొకటి ఉంది. పాత సర్వర్‌లో ఐడ్రాక్, ఐలో లాంటి బీఎంసీకి, అంటే సర్వర్‌ను దూరం నుంచి ఆన్, ఆఫ్ చేసే లోపలి చిప్‌కు, పాత ఓనరు పెట్టిన పాస్‌వర్డ్ ఏదో తెలియదనుకోండి. మాస్ మిషన్ లోపలి నుంచే ఐపీఎంఐ ద్వారా బీఎంసీతో మాట్లాడి, తన పేరుతో ఒక యూజర్‌ను చేర్చుకుంటుంది. పాత పాస్‌వర్డ్ అడగదు. ఆ తర్వాత పవర్ ఆన్, ఆఫ్ అంతా వెబ్ పేజీ నుంచే. ఇది జరగాలంటే బీఎంసీలో ఐపీఎంఐ ఓవర్ ల్యాన్ ఆన్‌లో ఉండాలి. కొత్త సర్వర్లలో చాలావాటికి అది ఫ్యాక్టరీ నుంచే ఆఫ్‌లో వస్తుంది. బీఎంసీ పోర్ట్‌లకు వేరే వీల్యాన్ (అదే స్విచ్‌లో విడిగా ఉండే నెట్‌వర్క్) కేటాయించండి, దాన్ని ఇంటర్నెట్ వైపు పొరపాటున కూడా తెరవకండి. పాత బీఎంసీల సెక్యూరిటీ చాలా బలహీనం.

డిప్లాయ్ నొక్కితే మాస్ ప్యాకేజీలు ఒక్కొక్కటిగా ఇన్‌స్టాల్ చేయదు. సిద్ధంగా ఉన్న ఇమేజ్‌ను డిస్కు మీద పరిచేస్తుంది, మిగతా సెట్టింగులు క్లౌడ్ ఇనిట్ చూసుకుంటుంది. అందుకే కొన్ని నిమిషాల్లో సర్వర్ వాడకానికి వస్తుంది. ఇమేజ్ ఇంటర్నెట్ నుంచి ఒక్కసారే దిగి మన మిషన్‌లో నిలుస్తుంది కాబట్టి నెమ్మది లైన్లున్న ఊళ్లకు ఇది బాగా కుదురుతుంది.

లోపాలూ గట్టివే. డీహెచ్‌సీపీ, డీఎన్ఎస్, టైమ్ సర్వర్, ప్యాకేజీల ప్రాక్సీ అన్నీ తన చేతిలోనే ఉండాలంటుంది. డిప్లాయ్ అయిన సర్వర్లు కూడా ప్రతి బూట్‌కూ ముందు నెట్‌వర్క్‌నే అడుగుతాయి, మాస్ ‘నీ డిస్కు నుంచి లే’ అంటే లేస్తాయి. ఎండాకాలం గాలివానకు కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి, తిరిగి కరెంటు వచ్చినప్పుడు అన్నీ ఒకేసారి లేస్తే మాస్ ఇంకా సిద్ధం కాకముందే మిగతావి అడగడం మొదలుపెడతాయి. కొన్ని ఆగిపోతాయి. బయోస్‌లో కరెంటు తిరిగి వచ్చాక ఏం చేయాలో చెప్పే సెట్టింగ్ ఉంటుంది. మాస్ మిషన్‌కు వెంటనే ఆన్ అయ్యేట్టు, మిగతావాటికి కనీసం రెండు నిమిషాల ఆలస్యం పెట్టండి. ఇక బీఎంసీ లేని డెస్క్‌టాప్‌లకు మాస్ అంతగా నప్పదు. వేక్ ఆన్ ల్యాన్ రకం పవర్ కంట్రోల్‌ను వాళ్లు ఎప్పుడో తీసేశారు. మాన్యువల్ అని పెట్టి ప్రతి దశలోనూ మనమే బటన్ నొక్కాలి. అరవై సిస్టమ్‌ల ల్యాబులో అది పెన్‌డ్రైవ్ కంటే ఏమంత మేలు కాదు. రాకీ లాంటివి కావాలంటే ప్యాకర్ మాస్ టెంప్లేట్లతో ఇమేజ్ మనమే తయారు చేసుకుని ఎక్కించాలి. అది ఒక పూట పని.

ఫోర్‌మన్ 2009 నుంచి ఉంది. రెడ్‌హ్యాట్ శాటిలైట్ 6కు పునాది ఇదే. డీహెచ్‌సీపీ, డీఎన్ఎస్, టీఎఫ్‌టీపీలను స్మార్ట్ ప్రాక్సీ అనే భాగం నడుపుతుంది, సర్వర్ల సెట్టింగులు సర్దే పప్పెట్, యాన్సిబుల్ రెండూ కలుస్తాయి. ఓఎస్ ఎక్కించడంతో ఆగకుండా ఆ తర్వాత ఏళ్ల తరబడి సర్వర్ల సెట్టింగులు కూడా ఒకచోటి నుంచి చూసుకోవాలనుకునేవారికి దీన్ని మించింది ఈ నాలుగింటిలో లేదు. కానీ ప్యాకేజీల నిల్వ కోసం కటెల్లో కలిపితే కనీసం 4 కోర్లు, 20 జీబీ ర్యామ్ అని వాళ్ల డాక్యుమెంటేషనే చెబుతుంది. మన ర్యాకుల్లో అది ఒక సర్వర్ మొత్తం. ఇన్‌స్టాలర్ మొదట్లోనే మిషన్ పూర్తి పేరు సరిగ్గా ఉందా అని చూస్తుంది. డొమైన్ లేకుండా ఉత్త పేరు పెట్టి ఉంటే అక్కడే నిలబెట్టేస్తుంది. ఇంకో చిక్కు: ఇన్‌స్టాల్ అయిపోయాక మిషన్ తిరిగి ఫోర్‌మన్‌కు ‘అయిపోయింది’ అని కబురు పంపాలి. ఫైర్‌వాల్ వల్లనో, టోకెన్ గడువు దాటడం వల్లనో ఆ కబురు చేరకపోతే మిషన్ ఇంకా బిల్డ్ మోడ్‌లోనే ఉన్నట్టు లెక్క. రీబూట్ అయిన వెంటనే మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ మొదలవుతుంది. అదే మిషన్ తిరిగి తిరిగి ఇన్‌స్టాల్ అవుతుంటే డిస్కును అనుమానించకండి, ప్రాక్సీ లాగ్ చూడండి.

కాబ్లర్‌ను 2006లో రెడ్‌హ్యాట్‌లో మైకేల్ డిహాన్ మొదలుపెట్టారు. తర్వాత యాన్సిబుల్ తెచ్చిందీ ఆయనే. డిస్ట్రో, ప్రొఫైల్, సిస్టమ్ అనే మూడు మెట్ల లెక్క ఒక గంటలో ఒంటబడుతుంది. ఐఎస్ఓ మౌంట్ చేసి ఇంపోర్ట్ కొట్టడం, మ్యాక్ అడ్రస్‌తో సిస్టమ్ చేర్చడం, చివర సింక్ కొట్టడం, అంతే. చెక్ అనే కమాండ్ ఏమేం సర్దాలో ముందే చెబుతుంది, దాన్ని దాటేయకండి. సెట్టింగుల్లో పీఎక్స్ఈ జస్ట్ వన్స్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే పైన ఫోర్‌మన్ దగ్గర చెప్పిన తిరుగుడే ఇక్కడా. 3.3 వెర్షన్ నుంచి పాత వెబ్ పేజీ తీసేశారు కాబట్టి కమాండ్ లైన్ భయం ఉన్నవారికి ఇది వద్దు. ఉబుంటు 20.04తో వచ్చిన ఆటోఇన్‌స్టాల్ పద్ధతికి కూడా ఇందులో చేతిపని ఎక్కువ.

కాబ్లర్ వాడుతున్నవారు వెంటనే వెర్షన్ చూసుకోవాలి. 3.0.0 నుంచి మొదలై, 3.2.3, 3.3.7లకు ముందున్న వెర్షన్లలో లాగిన్ పరీక్షే సరిగా పనిచేయదు. నెట్‌వర్క్‌లో ఎవరైనా ఎక్స్ఎంఎల్ఆర్‌పీసీ (దూరం నుంచి కమాండ్లు పంపే దారి) ద్వారా దూరి పూర్తి అధికారం తెచ్చుకోవచ్చు. 2024లో బయటపడిన లోపం ఇది, ఆ రెండు వెర్షన్లలో సరిచేశారు. ప్రతి మిషన్‌కూ ఓఎస్ పంచే సర్వర్ చేజారితే అన్నీ చేజారినట్టే. పాత స్క్రిప్ట్‌లు ఆగిపోతాయనే భయంతో అప్‌డేట్ వాయిదా వేయకండి.

ఐరానిక్, టింకర్‌బెల్ గురించి రెండే ముక్కలు. ఐరానిక్ ఓపెన్‌స్టాక్ కుటుంబంలోది, టింకర్‌బెల్ నడవాలంటే కుబర్నెటిస్ కావాలి. డేటా సెంటర్ నడిపేవారికి రెండూ గట్టి టూల్సే. పది సర్వర్ల గదికి వాటిని మోసే ఓపిక, మనుషులు రెండూ ఉండవు.

ఫాగ్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే మన ఊళ్లలో ఎక్కువ మందికి కావలసింది ఇదే. ఇది ఇన్‌స్టాలర్‌ను నడపదు. ఒక సిస్టమ్‌ను చక్కగా తయారు చేసి, దాని డిస్కును పార్ట్‌క్లోన్‌తో ఇమేజ్ తీసి, మిగతా ల్యాబంతా పరుస్తుంది. విండోస్, లినక్స్ రెండిటికీ సరే. సర్వర్‌కు పాత ఐ5 డెస్క్‌టాప్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్ఎస్‌డీ, డెబియన్ చాలు. డీహెచ్‌సీపీ నువ్వే నడుపుతావా అని ఇన్‌స్టాలర్ అడిగినప్పుడు కాలేజీలో వేరే డీహెచ్‌సీపీ ఉంటే వద్దనండి. రెండు డీహెచ్‌సీపీలు తగువులాడితే క్యాంపస్ అంతా నెట్ పోయి, ఫోన్లన్నీ మీకే వస్తాయి.

అసలు లెక్క ఇక్కడుంది. కంప్రెస్ అయిన ఇమేజ్ 20 జీబీ అనుకుందాం. గిగాబిట్ లైన్‌లో సెకనుకు 115 ఎంబీ దాకా వెళుతుంది. అరవై సిస్టమ్‌లకు విడివిడిగా పంపితే 1200 జీబీ, అంటే దాదాపు మూడు గంటలు. ఫాగ్ ఒకేసారి పదింటికే ఇస్తుంది, మిగతావి లైన్‌లో నిలబడతాయి. అదే మల్టీకాస్ట్‌లో పంపితే ఒక్క 20 జీబీ ప్రవాహమే అందరికీ పోతుంది. డిస్కు రాసే వేగాన్ని బట్టి పది, పదిహేను నిమిషాల్లో ల్యాబ్ మొత్తం అయిపోతుంది. అయితే మల్టీకాస్ట్ అందరిలోకీ నెమ్మదైన మిషన్ వేగంతోనే నడుస్తుంది. ఒక్క కేబుల్ క్రింపింగ్ సరిగా లేక, నాలుగు జతల తీగల్లో రెండే పట్టుకుంటే ఆ పోర్ట్ 100 ఎంబీపీఎస్‌కు పడిపోతుంది. సెకనుకు 11 ఎంబీ, అంటే అరగంట, అందరికీ. మొదలుపెట్టే ముందు స్విచ్ మీద లైట్ల రంగు చూడండి. గిగాబిట్‌కు ఒక రంగు, 100కు ఇంకో రంగు ఉంటాయి. వేరుగా వెలిగే పోర్ట్ కనబడితే ఆ జాక్ కోసి మళ్లీ కొట్టండి. మేనేజ్డ్ స్విచ్ అయితే ఐజీఎంపీ స్నూపింగ్ (మల్టీకాస్ట్‌ను అడిగిన పోర్ట్‌లకే పంపే సదుపాయం) ఆన్ చేసి, ఎవరికి కావాలో అప్పుడప్పుడు అడిగే క్వెరియర్ కూడా ఏదో ఒక చోట ఆన్‌లో ఉందని నిర్ధారించుకోవాలి. స్నూపింగ్ ఉండి క్వెరియర్ లేకపోతే కొన్ని నిమిషాలు బాగా నడిచి మధ్యలో అన్నీ ఒకేసారి ఆగిపోతాయి.

ఇమేజ్ తీసే ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్, హైబర్నేషన్ రెండూ ఆపాలి, బిట్‌లాకర్ తీసేయాలి. లేకపోతే ఎన్‌టీఎఫ్ఎస్ పార్టిషన్ ఇంకా వాడుకలో ఉందని ఫాగ్ ముట్టుకోదు. ‘డిస్కు కనబడలేదు’ అని వస్తే బయోస్‌లో ఇంటెల్ రెయిడ్ మోడ్ ఉందేమో చూడండి. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. ఉన్న విండోస్ బతకాలంటే ముందు సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచేట్టు పెట్టి, అప్పుడు మార్చాలి. మామూలు ఇన్‌స్టాలేషన్‌లో సెక్యూర్ బూట్ ఆపనిదే ఫాగ్ బూట్ ఫైల్ ఎక్కదు. ఉబుంటు ఇమేజ్ అయితే ఇంకో ముఖ్యమైన సంగతి: మెషిన్ ఐడీ ఫైల్‌ను ఖాళీ చేసి, ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు తీసేసి, అప్పుడు ఇమేజ్ తీయాలి. ఆ ఐడీ అన్ని సిస్టమ్‌లలో ఒకటే అయితే డీహెచ్‌సీపీ వాటన్నిటినీ ఒకే మిషన్ అనుకుని ఒకే ఐపీ ఇచ్చే ప్రమాదం ఉంది. ల్యాబులో నెట్ వస్తూ పోతూ ఉంటుంది, ఎవరికీ కారణం తట్టదు.

ఐదు లోపు సర్వర్లకు డీఎన్ఎస్‌మాస్క్, ఐపీఎక్స్ఈ చాలన్నాం కదా, అక్కడ జాగ్రత్తలు రెండు. ఐపీఎక్స్ఈ లోడ్ అయ్యాక మళ్లీ డీహెచ్‌సీపీని అడుగుతుంది. అడిగింది ఐపీఎక్స్ఈ అని గుర్తించి స్క్రిప్ట్ ఇవ్వకపోతే తనను తానే మళ్లీ మళ్లీ లోడ్ చేసుకుంటూ కూర్చుంటుంది. ఐపీఎక్స్ఈ పంపే 175 ఆప్షన్ ఆధారంగా డీఎన్ఎస్‌మాస్క్‌లో ఒక ట్యాగ్ పెడితే సరిపోతుంది. రెండోది ర్యామ్. ఉబుంటు లైవ్ సర్వర్ నెట్‌వర్క్ ఇన్‌స్టాల్‌లో ఐఎస్ఓ మొత్తాన్ని ముందు ర్యామ్‌లోకి దించుకుంటుంది. 24.04 ఐఎస్ఓ రెండున్నర జీబీ పైమాటే. 4 జీబీ మిషన్‌లో జాగా లేదంటూ మధ్యలో పడిపోతుంది. అలాంటి పాత మిషన్లకు డెబియన్ నెట్ ఇన్‌స్టాలర్, కిక్‌స్టార్ట్ లాంటిదే అయిన ప్రీసీడ్ ఫైల్ వాడండి. ఒకసారి దిగిన ప్యాకేజీలను దాచిపెట్టే ఏపీటీ క్యాషర్ పెట్టుకుంటే రెండో మిషన్ నుంచి ఇంటర్నెట్ భారం దాదాపు ఉండదు.

పాత మిషన్లలో బయోస్ సెల్ అయిపోయి ఉంటుంది. కరెంటు పోయి రాగానే తేదీ ఏళ్ల వెనక్కి వెళ్తుంది. అప్పుడు హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ చెల్లదంటుంది, ప్యాకేజీల జాబితా ఇంకా అమల్లోకి రాలేదంటుంది. తప్పు టూల్‌ది అనిపిస్తుంది గానీ, సీఆర్2032 సెల్ ఒకటి మారిస్తే పోయే జబ్బు.

ఏ టూల్ అయినా, డిస్కు తుడిచే స్క్రిప్ట్‌లో డిస్కు పేరు ఎస్‌డీఏ అని రాయకండి. పెన్‌డ్రైవ్ గుచ్చి ఉన్నా, రెయిడ్ కార్డ్ క్రమం మారినా ఆ పేరు వేరే డిస్కుకు పోతుంది. సీరియల్ నంబర్‌తో వచ్చే ఐడీ రాయండి. ఈ పనంతటికీ విడిగా ఒక వీల్యాన్ ఉండాలి. అకౌంట్స్ సెక్షన్ సిస్టమ్ పొరపాటున నెట్‌వర్క్ నుంచి లేస్తే ఫీజుల డేటా పోతుంది. మెనూలో దేన్నీ ఎంచుకోకపోతే లోకల్ డిస్కు నుంచే లేవాలి. మొదట రెండు సిస్టమ్‌లతో మొదలుపెట్టండి, ఒకటి పాత బయోస్‌ది, ఒకటి యూఈఎఫ్ఐది. రెండూ ఎక్కాక, అదే స్విచ్‌లో ఇంకో పోర్ట్‌కు మార్చి మళ్లీ ఎక్కించి చూడండి. అప్పుడే ల్యాబ్ మొత్తానికి డిప్లాయ్ నొక్కండి.